ప్రైవేటు రంగానికి చాప వేసిన రోజు

ఈ మహాసముద్రం మొత్తంలో అబద్ధమాడని దీవి ఏదయ్యా అంటే, మా నికుబోనో ఒక్కటే. అడిగినవాడికి లేదనని దీవి కూడా ఇదే. ఇవి చాలవన్నట్టు, దీవులన్నిటిలోకీ బలమైన ప్రైవేటు రంగం మా దగ్గరే ఉందని ఒక విదేశీ కంపెనీ నివేదికలో, నున్నటి రంగుల కాగితం మీద, అచ్చయింది. నమ్మనివాళ్ళు మా రాజధాని టరావా వెళ్ళి చూసుకోవచ్చు. అక్కడి సర్కారు కార్యాలయంలో కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టారు. మర్యాదగా అడిగితే ఒక పది నిమిషాలు తీసి ఇస్తారు, గాలి లేని రోజైతే.

సదరు ప్రైవేటు రంగం పేరు అకోయా. వయసు నలభై రెండు. ఎడమ మోకాలు వానాకాలంలో పట్టేస్తుంది. ఆస్తి ఒక చెక్కపెట్టె, దాని మీద ఒక చాప. పెట్టెలో బియ్యం, పంచదార, సబ్బులు, గాలాలు, డబ్బాలో వచ్చే గొడ్డుమాంసం. చాప మీద ఆవిడ. దుకాణం అంటే అంతే.

ఈ రంగం ఎలా బయటపడిందో చెప్పాలి. ఒక మంగళవారం పొద్దున ప్రభుత్వ రేడియోలో మా దీవి గుమాస్తా ఉరియాంకి ఒక ఉత్తర్వు వినిపించింది. "పదునాలుగవ తేదీన, ప్రైవేటు రంగమును సుస్థిరాభివృద్ధి యందు భాగస్వామిని చేయు నిమిత్తము, ఒక ఉన్నతస్థాయి బృందము విచ్చేయుచున్నది. కావున దీవి యందలి ప్రైవేటు రంగము ఆ రోజున శుభ్రమైన దుస్తులు ధరించి సభామందిరమున హాజరు కావలెను." ఉరియాం కొబ్బరికల్లు గిన్నె కింద పెట్టి మళ్ళీ విన్నాడు. రెండోసారీ అదే చెప్పారు.

పెద్దలంతా మనియబాలో కూర్చున్నారు. మనియబా అంటే మా సభామందిరం. దాని కప్పు కింద ఏ వంశం ఏ స్తంభం దగ్గర కూర్చోవాలో పడవల్లో వచ్చిన పూర్వీకులే పంచేసి పోయారు. అరచెయ్యి వెడల్పు జరిగినా యుద్ధమే.

"ఈ ప్రైవేటు రంగం అనేది ఏ పడవలో వచ్చిందిరా?" అన్నాడు అందరికంటే పెద్దవాడైన తొఆకై తాత.

"పడవలో కాదు తాతా, ఉత్తర్వులో వచ్చింది."

"మరి దానికి చోటెక్కడ?"

దీని మీద మూడు రోజులు చర్చ జరిగింది. చివరికి, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశులకు కేటాయించిన మూల ఒకటుంది కాబట్టి అక్కడ ఒక చాప వెయ్యాలని తీర్మానించారు. నాలుగోరోజు పొద్దున ఎవరికో అనుమానం వచ్చింది: చాప సరే, కూర్చునేదెవరు?

"సర్కారు కానిది, లాభానికి అమ్మేది ఏదైనా ప్రైవేటు రంగమే" అని ఉరియాం వివరించాడు.

"లాభానికి అమ్మి, ఇంకా బతికున్నది ఎవరు?" అన్నాడు తాత.

న్యాయమైన ప్రశ్న. మా ఆచారంలో చుట్టం వచ్చి "బుబుసి" అని ఒక వస్తువు అడిగితే ఇచ్చి తీరాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మా దగ్గర అడిగితే శత్రువైనా పెట్టాలి. రేపు నువ్వు అడిగితే వాడూ ఇస్తాడు. లేదన్నవాడి సిగ్గు వాడి మనవల దాకా పోతుంది. దీవిలో ఉన్నది నాలుగువందల మంది, నాలుగువందల మందీ చుట్టాలే. ఇక దుకాణం ఎలా నిలబడుతుంది? బ్వేరే అనేవాడు దుకాణం పెట్టి తొమ్మిది రోజులు నడిపాడు. పదో రోజున వాడే గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తన పంచదార తనే అడుక్కున్నాడు. సహకార సంఘం ఇంకా గట్టిది, మేనేజరు చెల్లెలి పెళ్ళి దాకా నిలిచింది.

అకోయా మొదటి దుకాణం పదకొండు రోజులు. రెండోసారి ఆవిడ పెట్టె చేయించి, సరుకు అందులో పెట్టి, దాని మీద కూర్చుంది. ఎవరైనా వచ్చి "వదినా, బుబుసి, కాస్త బియ్యం" అంటే మొహం వాడిపోయిన అరిటాకులా పెట్టేది.

"అయ్యో తమ్ముడూ, ఐపోయింది."

ఆ మాట ఎంత దుఃఖంగా అనేదంటే, అడగడానికి వచ్చినవాడే ఆవిడని ఓదార్చి, ఓ కొబ్బరికాయ చేతిలో పెట్టి పోయేవాడు. బియ్యం ఆవిడ కిందే ఉందని అందరికీ తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. కాని ఎవరూ లేదనలేదు, ఎవరి పరువూ పోలేదు. డబ్బు చేతిలో కనిపిస్తే మాత్రం మోకాలు నొప్పి అని మూలుగుతూ లేచి పెట్టె తీసేది.

(మొదట్లో అబద్ధమాడని దీవి అన్నాను చూశారూ, అది ఇక్కడితో సరి. మా వాళ్ళు దీన్ని అబద్ధం అనరు, వ్యాపారం అంటారు.)

ఇంత తంటా ఎందుకంటే, ఆవిడ అత్తగారు తౌవాకున్న బబాయి గుంట కోసం. బబాయి అంటే చేమదుంపకి పెద్దన్న. మంచినీరు తగిలేదాకా నేల తవ్వి, ఆకుల ఎరువు వేసి, ఏళ్ళ తరబడి పెంచాలి. ఆ గుంట తౌవా తాతగారు గుల్లతో తవ్వింది. సముద్రం వైపు రాతిగోడలో ఇద్దరు మనుషులు పడుకునేంత గండి పడింది. వచ్చే నెల పెద్దపోటు. ఉప్పునీరు ఒక్కసారి గుంటలో దిగిందంటే ఐదేళ్ళు గడ్డి కూడా మొలవదు, అత్తగారికా ఐదేళ్ళ వ్యవధి లేదు. గండి పూడ్చాలంటే సిమెంటు కావాలి. అకోయా సర్కారుకి అర్జీ పెట్టుకుంది. "మీ గండిని జాతీయ గండ్ల జాబితాలో సంతోషపూర్వకముగా చేర్చితిమి" అని జవాబు వచ్చింది. అత్తగారు ఆ ఉత్తరాన్ని గండిలో పెట్టి చూసింది. ఆగలేదు.

అలా పెద్దలంతా వెతికి వెతికి, చివరికి అకోయా పెట్టె ముందు నిలబడ్డారు.

"కోడలా, నువ్వు ప్రైవేటు రంగానివట" అన్నాడు తొఆకై తాత.

"నేనేం చేశాను పెద్దమామా?" అంది అకోయా భయపడి.

పదునాలుగో తేదీన బృందం దిగింది. పదకొండు మంది విమానంలో వచ్చారు. వాళ్ళ సామాను ముందురోజే పడవలో వచ్చింది: ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పందిరిగుడ్డ, చల్లటి నీళ్ళ పెట్టె, "సుస్థిర భాగస్వామ్యం" అని ఉబ్బెత్తు అక్షరాలు చెక్కిన నిలువెత్తు బోర్డు, ఆ బోర్డుని నిలబెట్టే దిమ్మె కోసం నలభై బస్తాల సిమెంటు. అకోయా ఆ బస్తాలని చూసింది. మళ్ళీ చూసింది. అప్పటినుంచీ ఆవిడ కళ్ళు ఇంకెక్కడా నిలవలేదు.

బృందం నాయకుడు, ఆ విదేశీ కంపెనీ మనిషి, గ్రెంజర్ గారు. చలిదేశపు మనిషి, యాభై ఎనిమిదేళ్ళవాడు, నవ్వు మొహం. మా ఆడవాళ్ళు ఆయన మెడలో పూలదండ వేసి, వీపుకి నూనె రాసి, చంకల దాకా పౌడరు కొట్టి మర్యాద చేశారు. నల్లకోటు కాస్తా పిండిలో దొర్లిన చేపలా అయింది. తర్వాత బృందం కుర్చీల మీద, పెద్దలు చాపల మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళ తలకంటే ఎత్తులో కూర్చోవడం మా దగ్గర మహాపరాధం. కాని అతిథులు కదా, పెద్దలు ఆయన మోకాళ్ళనే మొహం అనుకుని వాటితోనే మాట్లాడారు.

గ్రెంజర్ గారు లేచారు. ఉరియాం మా భాషలో చెప్పడానికి పక్కన నిలబడ్డాడు.

"మిత్రులారా! మేము ఇవ్వడానికి రాలేదు. ఇవ్వడం అనేది పాతకాలపు పద్ధతి. దానం మనిషిని చిన్నబుచ్చుతుంది. మేము మీతో కలిసి నడవడానికి వచ్చాం. ఈ దీవి చిన్నది కావచ్చు, కాని దీని అవకాశం పెద్దది! ప్రభుత్వం ఒక చెయ్యి, ప్రజలు ఒక చెయ్యి, ప్రైవేటు రంగం మూడో చెయ్యి!"

మూడు చేతుల మనిషిని ఊహించుకుని ముందు వరసలో ఒక ముసలమ్మ భయపడి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ్టి నుంచి మేము అతిథులం కాము. మనదంతా ఒకే కుటుంబం. మాది మీది! మీది మాది!"

ఉరియాం ఆగిపోయాడు. ఆయన చెవి దగ్గరికి వంగి, "అయ్యా, ఈ ముక్క ఇక్కడ చెప్పమంటారా? ఒకసారి ఆలోచించుకోండి" అన్నాడు.

"చెప్పవయ్యా! గట్టిగా చెప్పు. రెండుసార్లు చెప్పు!"

ఉద్యోగి కాబట్టి ఉరియాం గట్టిగా, రెండుసార్లు చెప్పాడు.

ఇంత మాట సభలో ఇదివరకు ఏ పరదేశీ అనలేదు. తొఆకై తాత కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దలు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. ఆయన్ని ఏ వంశంలో కలపాలన్నది ప్రశ్న. ప్రైవేటు రంగం కోసం వచ్చాడు కాబట్టి ప్రైవేటు రంగం ఇంట్లోనే కలపాలని తేలింది. అంటే తౌవాకి కొడుకు, అకోయాకి మరిది.

"బావగారు కదా అవ్వాలి? ఆయనకి యాభై ఎనిమిది" అన్నాడెవరో.

"పుట్టింది ఇవాళే కదురా, అందరికంటే చిన్నవాడు" అన్నాడు తాత. దానితో ఆ వాదం ముగిసింది.

కుర్చీ తీసేసి ఆయన్ని చాప మీద కూర్చోబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్రెంజర్ గారూ కొట్టారు. ఫోటోలు తీశారు. ఆయన జీవితంలో అంత సంతోషంగా ఉన్న క్షణాలు తక్కువ అయ్యుంటాయి, ఇదైనా నిలిచింది సరిగ్గా నాలుగు నిమిషాలే.

పరదేశుల మూలలోంచి ప్రైవేటు రంగం లేచింది. మోకాలు పట్టేసినా మూలగలేదు.

"మరిదీ" అంది. "బుబుసి. ఆ సిమెంటు."

ఉరియాం చెప్పాడు. గ్రెంజర్ గారు నవ్వి, ఇది అద్భుతమైన చొరవ అనీ, దీన్ని ఒక కమిటీకి పంపి, సాధ్యాసాధ్యాలు పరిశీలించి, వచ్చే మూడు నెలల్లో ఒక చట్రం రూపొందిస్తామనీ చెప్పారు.

నాలుగువందల మంది ఆయన్ని చూశారు. పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు.

"తొందరపడకండి. పొద్దున పుట్టినవాడు, మాటలింకా రాలేదు" అని తొఆకై తాత వెనకేసుకొచ్చాడు.

ఉరియాం మళ్ళీ చెవి దగ్గరికి వంగాడు. "అయ్యా, లేదనొచ్చు. తప్పేం లేదు. మా తాత చిన్నప్పుడు ఒకాయన అన్నాడట. ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళని ఎవరూ పేరు పెట్టి పిలవరు."

గ్రెంజర్ గారు ఫోటోలు తీసేవాణ్ణి చూశారు. వాడు ఫోటో తీశాడు. అంతే, సిమెంటు అకోయాది అయిపోయింది.

కట్ట తెగాక నీళ్ళని ఆపగలరా? కుర్చీలు అడిగారు, ఇచ్చారు. పందిరిగుడ్డ పడవ తెరచాపకి పనికొస్తుందని ఒకడు, చల్లటి నీళ్ళ పెట్టె చేపలకి బాగుంటుందని ఇంకొకడు. టోపీ, నల్లకళ్ళజోడు, మూడు చేతుల ప్రసంగం రాసిన కాగితం (దానిలో పొగాకు బాగా చుట్టుకుంటుంది). చిట్టచివర తౌవా అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి, పందిని కట్టెయ్యడానికి తాడు లేదు నాయనా అని ఆయన బెల్టు అడిగింది. కన్నతల్లి కదా, కాదంటాడా? ఆ తర్వాత భాగస్వామ్యం గురించి ఆయన చేసిన ముగింపు ప్రసంగం అంతా ఒక చేత్తోనే చేశారు, రెండో చెయ్యి ప్యాంటు పట్టుకుని ఉంది కాబట్టి.

ఈలోగా అకోయా అక్కడ లేదు. సిమెంటు వచ్చినంత సులువుగా పోతుందని ఆవిడకి తెలుసు. చర్చి మెట్లకని ఒకరు, పందుల దొడ్డికని ఒకరు అప్పటికే గొంతు సవరించుకుంటున్నారు. నలభై బస్తాల మీద కూర్చోవడానికి ఆవిడ ఎంత లావు ఉండాలి? అందుకని బస్తాలన్నీ గండి దగ్గరికి దొర్లించి, మూతులు కోసి, ఇసుక కలిపి, నీళ్ళు పోసేసింది.

"వదినా, బుబుసి, రెండు బస్తాలు…" అంటూ మొదటివాడు పరిగెత్తుకొచ్చేసరికి అంతా తడిసిపోయింది.

"అయ్యో తమ్ముడూ" అంది అకోయా, ఈసారి నవ్వుతూ. "ఐపోయింది. తట్ట అందుకో."

తడి సిమెంటుని అడిగే ఆచారం మా పూర్వీకులు పెట్టలేదు. వాడు తట్ట అందుకున్నాడు. వెనక వచ్చినవాళ్ళూ అందుకున్నారు. పోత పోయడానికి చెక్క చాలకపోతే ఆ నిలువెత్తు బోర్డు తెచ్చి సముద్రం వైపు అడ్డం పెట్టారు. చీకటి పడకముందే గండి పూడింది.

మర్నాడు పొద్దున విమానం రాకముందే గ్రెంజర్ గారు మళ్ళీ మనియబాకి వచ్చారు. ఈసారి కుర్చీ అడగలేదు, అడిగినా లేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని, మెడకి తనే పౌడరు రాసుకుని కూర్చున్నారు. ఆచారం గురించి ఉరియాంని అన్నీ అడిగి తెలుసుకున్నారట. సంచీలోంచి ఒక కాగితాల కట్ట తీసి ముందు పెట్టుకున్నారు.

"వదినా" అన్నారు మా భాషలో, ముద్దుముద్దుగా. "బుబుసి."

మనియబా అంతా పులకించిపోయింది. ఒక్కరోజు బిడ్డ, అప్పుడే అడగడం నేర్చాడు!

"అడుగు మరిదీ, అడుగు" అంది అకోయా.

ఆయన అడిగింది దీవి మధ్యలోని మడుగు. మేం తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా వలలు వేసేది, గుల్లలు ఏరేది, పిల్లలకి ఈత నేర్పేది అందులోనే. అందులో సముద్ర దోసకాయలని, పరదేశాల్లో ఖరీదుగా తినే పురుగుల్ని పెంచుతారట, నీళ్ళ మీద తేలే గదులు కట్టి ధనవంతులకి అద్దెకిస్తారట. తొంభై తొమ్మిదేళ్ళకి. సంతకం ఇక్కడ.

పులకింత ఆగిపోయింది. తొఆకై తాత కప్పులోని కొబ్బరాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లేదనే మాట ఆయన డెబ్భై ఆరేళ్ళలో అనలేదు, ఇప్పుడు నాలుక తిరగదు. ఇస్తే రేపు కుండలో చేప ఉండదు. నాలుగువందల మంది తిరిగి ప్రైవేటు రంగం వైపు చూశారు.

అకోయా మొహం మెల్లగా వాడిపోవడం మొదలైంది. కనుబొమలు వంగాయి, పెదవి వణికింది. ఆ దుఃఖం చూసి గ్రెంజర్ గారే కంగారుపడి కొంచెం ముందుకి జరిగారు.

"అయ్యో మరిదీ" అంది. "ఐపోయింది."

"ఏమిటి ఐపోయింది?"

"మడుగు."

గ్రెంజర్ గారు స్తంభాల మధ్యనుంచి బయటికి చూశారు. మడుగు పది అడుగుల దూరంలో ఎండలో మెరుస్తోంది. ఒక కొంగ అందులో నిలబడి ఉంది.

"అదిగో కనిపిస్తోంది కదా వదినా?"

"కనిపిస్తుంది మరిదీ. ఉండదు. నిన్ననే పెద్దమామ అడిగాడు, ఇచ్చేశాం."

తొఆకై తాత లెక్క ఆపాడు. "అవునవును, నేనే అడిగాను. నా దగ్గర బ్వేరే అడిగాడు."

"నన్ను మా బావమరిది అడిగాడు" అన్నాడు బ్వేరే.

"నన్ను మా పిన్ని…" అలా మడుగు చేతులు మారుతూ మనియబా అంతా ఒక చుట్టు తిరిగి తౌవా అత్త దగ్గర ఆగింది.

"నా దగ్గరెందుకుంటుంది నాయనా" అందావిడ బోసినోటితో. "చేపలు వచ్చి బుబుసి అన్నాయి. లేదంటానా?"

గ్రెంజర్ గారికి కోపం రాలేదు, మంచి మనిషి. కాగితాలు తిప్పుతూ, తొంభై తొమ్మిదేళ్ళలో దీవికి ఎంత మేలు జరుగుతుందో మళ్ళీ మొదలుపెట్టారు. అకోయా ఉరియాం వైపు తిరిగింది.

"తమ్ముడూ, నిన్న వీళ్ళు అందరికీ పంచిన రంగుల పుస్తకంలో, పదకొండో పేజీలో మన దీవి బొమ్మ వేసి ఏదో రాశారన్నావే, అది చదువు."

ఉరియాం చదివాడు. "తక్షణ సహాయము అందనిచో ఈ దీవి రాబోవు యాభై సంవత్సరములలో సంపూర్ణముగా నీట మునుగును."

"యాభై ఏళ్ళకి మునిగిపోయేదాన్ని తొంభై తొమ్మిదేళ్ళకి అడుగుతున్నావేంటి మరిదీ? మిగతా నలభై తొమ్మిదేళ్ళ అద్దె ఎవరికి కడతావు, సొరచేపలకా?"

గ్రెంజర్ గారు ఆ పేజీని మొదటిసారి చదివినట్టున్నారు. చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, ఉరియాంతో నిజం చెప్పేశారు: "ఇది విరాళాలు ఇచ్చేవాళ్ళకి చూపించే కాగితం. అది పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించేది. రెండూ వేరువేరు విభాగాలు రాస్తాయి. వాళ్ళిద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు."

"మాట్లాడుకోకపోవడం ఏంటి? ఒకే కుటుంబం కదా?" అంది అకోయా.

ఆ తర్వాత ఆయన రాసిన నివేదికే మొదట్లో చెప్పింది. "నికుబోనో ప్రైవేటు రంగము అత్యంత దృఢమైనది, చర్చలలో ఆరితేరినది, ఇతర దీవులకు ఆదర్శప్రాయము. సహజ వనరులు: నిల్వ లేవు." దాంతో సర్కారు తక్కిన దీవుల ప్రైవేటు రంగాలని శిక్షణకి అకోయా దగ్గరికి పంపుతోంది. పొద్దున పెట్టె మీద కూర్చోవడం, మధ్యాహ్నం మొహం వాడ్చడం. చివరి రోజు పరీక్ష పెడతారు. ఇప్పటికి ఇద్దరు తప్పారు, నవ్వొచ్చి.

పెద్దపోటు చెప్పిన నెలలోనే వచ్చింది. సముద్రం గోడ దాకా వచ్చి, నురగలు కక్కి, వెనక్కి పోయింది. బోర్డు తీసేస్తే గోడకి సముద్రం వైపు "సుస్థిర భాగస్వామ్యం" అని తిరగేసి అచ్చుపడి ఉంది. సముద్రానికి చదువు రాదు కాబట్టి తిరగేసినా ఫర్వాలేదు. ఈ మధ్యనే ఆ గుంటలో దుంప తవ్వితే తొఆకై తాత నడుమంత లావు వచ్చింది. తౌవా అత్త ముక్కలు కోసి అందరికీ పెట్టింది. వచ్చే ఏడు పోటు ఇంకాస్త ఎత్తుగా వస్తుందంటున్నారు. అకోయా ఇంకో బృందం కోసం ఎదురుచూస్తోంది.

ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్కటి: ఆ బెల్టు. తౌవా అత్త బెల్టు అడగలేదు, గ్రెంజర్ గారి ప్యాంటు ఎక్కడికీ జారలేదు. ఆ రెండు కాగితాలు నేను కల్పించానని అనుకునేరు, ఊళ్ళో బడిలో ఆరో తరగతి చదివినవాణ్ణి, నాకంత ఊహ లేదు.

అత్త నిజంగా అడిగింది బూట్లు. అదీ సభలో కాదు, ఆయన విమానం మెట్లెక్కబోతుండగా. "కొడకా, బుబుసి, నీ బూట్లు" అంది. గ్రెంజర్ గారు ఆగారు. కిందికి చూసుకున్నారు. తళతళలాడే రెండు బూట్లు, లేసులు బిగించి, కాళ్ళకే ఉన్నాయి. ఆయన మెల్లగా తలెత్తారు, కనుబొమలు వంచారు, పెదవి వణికించారు.

"అయ్యో అమ్మా" అన్నారు. "ఐపోయాయి."

మనవాడయ్యాడని అప్పుడు నమ్మాం.